సోడా మర్యాద

ఇంగ్లీషులో ఎంటర్‌టైన్ అనే క్రియ ఒకటుంది. ఇప్పటి పిల్లల్ని దానర్థం అడిగితే సినిమా అంటారు, టీవీ అంటారు. బతుకంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఆ జవాబు వింటే నాకు కొంచెం ఒళ్ళు మండుతుంది. వినోదం కలిగించడం దాని అర్థాల్లో ఒకటి మాత్రమే. ఇంటికొచ్చినవాళ్ళకి మర్యాద చేయడమూ ఆ మాటే. ఒక ఆశనో అనుమానాన్నో మనసులో పెట్టుకోవడమూ ఆ మాటే. వచ్చిన దరఖాస్తుని పట్టించుకోవడమూ ఆ మాటే.

తెలుగులో ఇన్నిటికీ సరిపోయే ఒక్క మాట ఏదని చాలాకాలం వెతికాను. మా హైదరాబాదు తెలుగులో ఖాతిర్ కొంత దగ్గరికొస్తుంది. చుట్టాలొస్తే ఖాతిర్ చేస్తాం. మొండివాణ్ణి చూసి, వాడు ఎవర్నీ ఖాతరు చెయ్యడంటాం. మర్యాద చేయడం, మనిషిని లెక్కలోకి తీసుకోవడం, రెండూ ఆ మాటలో ఇమిడి ఉన్నాయి. ఒకరికి మర్యాద చేశామంటే వాళ్ళని మనిషిగా లెక్కపెట్టామనే కదా అని అప్పుడనిపిస్తుంది. కానీ అలా అనుకుంటే పొరపాటే. లెక్కలోకి తీసుకోకుండా కూడా బ్రహ్మాండంగా మర్యాద చేయొచ్చు. అది నాకు ఏ నిఘంటువూ చెప్పలేదు. నిఘంటువులు రాసేవాళ్ళు లాలాపేట్‌లో మా ఇంటికి ఎప్పుడూ రాలేదు మరి.

నాకు ఆ సంగతి తెలిసింది మా అమ్మ తెప్పించిన ఒక గోలీసోడా వల్ల.

అరవై ఏడో, అరవై ఎనిమిదో. యూనివర్సిటీ క్యాంపస్‌లో ప్రత్యేక రాష్ట్రం గొడవలు ఇంకా మొదలవలేదు. నేను అక్కడ బి.ఏ. చదువుతున్నాను. మా నాయన రైల్వే వర్క్‌షాపులో కూలి. నల్గొండ జిల్లాలో మా ఊరు వదిలి, లాలాపేట్‌లో ఒక గది, ఒక వరండా ఉన్న ఇంట్లో ఉండేవాళ్ళం. ఊళ్ళో మా ఇల్లు ఊరవతల ఉండేది. మమ్మల్ని ముట్టుకోకూడదనే ఊరది. పట్నంలో ఊరవతల అనేది ఉండదని మా నాయన నమ్మకం. మా అమ్మకి ఆ నమ్మకం లేదు. ఎక్కడికెళ్ళినా ఊరవతలని వెంట మోసుకెళ్ళేది ఆమె.

రోజూ పొద్దున్నే తార్నాక మీదుగా క్యాంపస్‌కి నడిచేవాణ్ణి. తార్నాకలో అప్పట్లో విశాలమైన కాంపౌండ్ల మధ్య ఇళ్ళు, గోడల మీంచి రోడ్డు మీదకి వంగిన జామకొమ్మలు ఉండేవి. ఆ ఇళ్ళలో ఒకదాని వెనక వాటాలో మా ఇంగ్లీషు మేడం అద్దెకుండేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. గంజిపెట్టిన నేత చీర, మెడదాకా జాకెట్టు, చేతిలో నల్ల గొడుగు. ఆమె ఇంగ్లీషు మాట్లాడుతుంటే వెనక బెంచీల్లో తెలుగు మీడియం వాళ్ళం ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్ళం. స్టాఫ్ రూములో అందరూ తాగే కప్పుల్లో ఆమె తాగదు. ఇంటి నుంచి తెచ్చుకున్న కప్పు ఒకటి సొరుగులో ఉండేది. తనే కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ సొరుగులో పెట్టుకునేది. అది దొరల అలవాటని మాలో మేము తేల్చేసుకున్నాం.

ఆమె పాఠం చెప్పే పద్ధతి వేరు. ప్రతి శనివారం బోర్డు మీద ఒక క్రియ రాసేది. దానితో ఒక్కొక్కరం ఒక్కో వాక్యం తేవాలి. ఆ వాక్యం మన ఇంట్లో జరిగిందై ఉండాలి. గ్రామరు పుస్తకంలో రాముడు, సీత, మామిడిపండు వాక్యాలు తెస్తే ఆ కాగితం అక్కడే చింపేసేది. "మీ ఇంట్లోకి రాని మాట మీకు వచ్చినట్టు కాదర్రా" అనేది.

నా చదువు అప్పటికి ఆమె మాట మీదే నడుస్తోంది. వర్క్‌షాపులో కుర్రాళ్ళని తీసుకుంటున్నారని, అందులో చేరిపొమ్మని నాయన రోజూ పోరు పెట్టేవాడు. మేడం మాత్రం నా వాక్యాలు దిద్ది, తన డిక్షనరీ నా చేతిలో పెట్టి, "నువ్వు ఎం.ఏ. చెయ్యాలయ్యా, ఇక్కడితో ఆగితే నేనూరుకోను" అంది. మా ఇళ్ళలో చదువుకున్న మనిషి ఒక్క మాటంటే అది చాలాకాలం నిలబడుతుంది. ఆమె నన్ను నువ్వు అనేది, ఏమయ్యా అని పిలిచేది. ఆ పిలుపు కోసమే ముందు బెంచీకి మారాను.

ఒక శనివారం ఎంటర్‌టైన్ వచ్చింది. ఒకడు లేచి, గడువు దాటిన దరఖాస్తులు ఎంటర్‌టైన్ చేయబడవని ఆఫీసు నోటీసు బోర్డు వాక్యం అప్పజెప్పాడు.

"ఇది మీ ఇంట్లో జరిగిందా?" అని మేడం నిలదీసింది.

"మా నాయన దరఖాస్తుకే జరిగింది మేడం" అన్నాడు వాడు. క్లాసంతా గొల్లుమంది. మేడం కూడా నవ్వి, ఆ వాక్యం చెల్లుతుందంది.

తార్నాక నుంచి వచ్చే ఒకమ్మాయి, మా నాన్నగారు తమ ఆఫీసర్ని భోజనానికి పిలిచి ఎంటర్‌టైన్ చేశారని చదివింది. అప్పుడు మేడం ఆ మాట పుట్టుక చెప్పింది. పాత లాటిన్‌లో అందులో రెండు ముక్కలున్నాయట. ఒకటి నడుమ అని, రెండోది పట్టి ఉంచడమని. "మనిషినైనా, ఆలోచననైనా మన నడుమ ఉంచుకోవడం. అసలర్థం అదర్రా. సినిమా చూపించడం తర్వాత వచ్చింది" అంది.

నా వంతు వచ్చింది. నేను రాసిన వాక్యం తెలుగులో చెప్పాలంటే ఇదీ: మా ఇంటికి ఎంటర్‌టైన్ చేయదగిన మనిషి ఇంతవరకు రాలేదు. వెటకారానికి రాయలేదు. అది నిజం. మా ఇంటికి వచ్చేవాళ్ళు చుట్టాలు. ఊరి నుంచి బస్సు దిగి వచ్చి, కుండలో నీళ్ళు ముంచుకు తాగి, ఉన్నది తిని, వరండాలో పడుకుని, పని చూసుకుని పోయేవాళ్ళు. మేము వాళ్ళకేం మర్యాద చేస్తాం, వాళ్ళు మాకేం అతిథులు?

మేడం ఆ కాగితం చేతిలో పెట్టుకుని కాసేపు నావైపు చూసింది. "అయితే నేనొస్తానయ్యా. ఆదివారం, చర్చి అయిపోయాక" అంది. 

ఇంటికెళ్ళి చెబితే మా అమ్మ చేట చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయింది.

"దొరసానా? మనింటికా?"

"దొరసాని గాదే అమ్మా. మా మేడం."

"గంజివెట్టిన చీర కడతదన్నవ్. ఇంగిలీసు మాట్లాడ్తదన్నవ్. దొరసానంటే ఇంకేం గావాలె రా?"

"కిరస్తానమోళ్ళు వాళ్ళు."

"కిరస్తానంల పెద్దోళ్ళుండరా? ఎవరింట్ల పుట్టిందో నీకెర్కేనా?"

నాకు ఎరుక లేదు. గుంటూరు వైపు రెడ్లలోనూ కమ్మవాళ్ళలోనూ క్రైస్తవం తీసుకున్నవాళ్ళున్నారని హాస్టల్ మిత్రులు చెప్పగా విన్నాను. ఆ చీర, ఆ నడక, సొరుగులో కప్పు చూసి ఆ పెద్దిళ్ళ మనిషే అయి ఉంటుందని నేనూ అనుకున్నాను. అడిగేంత ధైర్యం ఎవరికుంది?

ఇక్కడ మా వాడ పద్ధతి ఒకటి చెప్పాలి. ఊళ్ళో పటేలో, పంతులో ఏదైనా పనిమీద మా వాడకి వస్తే ఉత్త చేతులతో పంపడం మాకు నామోషీ. కానీ మేము వండింది వాళ్ళు తినరు. మా నీళ్ళు తాగరు. ఇస్తామని అడిగినా వాళ్ళకి కోపం, మాకు తిట్లు. అందుకని మా పెద్దలు ఒక దారి కనిపెట్టారు. మా చెయ్యి లోపలికి తగలనివి ఇచ్చేవాళ్ళు. కొట్టని కొబ్బరికాయ, ఒలవని అరటిపండ్లు, కోయని సీతాఫలాలు. పట్నం వచ్చాక మా అమ్మ ఆ జాబితాలో గోలీసోడా చేర్చింది. బుడ్డిలో నీళ్ళు మన నీళ్ళు కావు, మూతికి గోలీ అడ్డం ఉంది, కాబట్టి మైల లేదు. తొక్క ఉన్నవి, మూత ఉన్నవి, అంతవరకే మా మర్యాద. అది మేము వాళ్ళని గౌరవించే తీరు. అందులో మమ్మల్ని మేమే ఎంత తగ్గించుకుంటున్నామో మా అమ్మకి పట్టలేదు. నాకూ అప్పుడు పట్టలేదు.

ఆదివారం వచ్చింది. మా ఇంట్లో ఆదివారమంటే కూర. వారమంతా పచ్చిపులుసు, తొక్కులతో లాగించినా, ఆదివారం పూట మేక తలకాయో బోటీనో తెచ్చి మా అమ్మ వండితే వీధి చివరిదాకా మసాలా వాసన వచ్చేది. ఆ రోజు పొయ్యి ముట్టించలేదు.

"గా వాసనకు దొరసానికి కడుపుల తిప్పుతది" అంది. రాత్రి మిగిలిన అన్నంలో గంజి పోసి మాకు పెట్టింది.

"ఆదివారం పూట గంజా? వచ్చేది మేడమా, మల్లన్న దేవుడా?" అని మా నాయన కండువా దులిపి భుజాన వేసుకుని కల్లు కంపౌండు దిక్కు వెళ్ళిపోయాడు.

అమ్మ గదంతా అలికి ముగ్గేసింది. పక్కింటి నుంచి ఒక మడతకుర్చీ అడిగి తెచ్చింది. అరటిపండ్లు, విప్పని బిస్కెట్ పొట్లం ఆ కుర్చీ పక్కన పళ్ళెంలో పెట్టింది. నన్ను పంపి బండి దగ్గర సోడా తెప్పించి బకెట్ నీళ్ళలో చల్లగా ఉంచింది. ఆమె కాలు ఒక్క చోట నిలవలేదు. మా అక్కల పెళ్ళిళ్ళకి కూడా అంత హడావుడి పడలేదు. కొడుకుకి చదువు చెప్పిన మనిషి తన గడపలో నుంచి మొహం మాడ్చుకుని వెళ్ళకూడదు. ఆ రోజు ఆమెకి కావలసింది అదొక్కటే.

మేడం రిక్షా ఎక్కలేదు. తార్నాక నుంచి గొడుగేసుకుని నడిచే వచ్చింది. నేను ఎదురెళ్ళి తీసుకొచ్చాను. ఎండకి ఆమె మొహం ఎర్రబడింది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని, మా అమ్మ కోసం చూసింది. అమ్మ గడప అవతల వరండాలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"లోపలికి రండమ్మా" అంది మేడం.

"గీడ మంచిగనే ఉన్నది దొరసాని. మీరు కూసోండ్రి" అంది అమ్మ.

"ముందు కాసిని మంచినీళ్ళివ్వవయ్యా. నాలుక పిడచకట్టింది" అంది మేడం నాతో.

గది మూల కొత్త కుండ, దాని మీద ఇత్తడి మూత, దాని మీద చెంబు. మేడం కళ్ళు అటే ఉన్నాయి. నేను కదలబోయేలోపే అమ్మ వరండాలోంచి కేకేసింది. "సోడా తియ్యి రా, సోడా!"

నేను సోడా తీసి, గోలీ లోపలికి నొక్కి, బుడ్డి తుడిచి అందించాను. మేడం అందుకోలేదు. "కుండలో నీళ్ళు లేవా?" అంది మెల్లగా.

"ఉన్నయమ్మా. గవి మీరు తాగే నీళ్ళు గావు. గిది తాగుండ్రి, బండి కాడికెళ్ళి తెప్పిచ్చిన. ఎవ్వరు ముట్టలే" అంది అమ్మ.

మేడం మొహంలోంచి ఏదో దిగిపోయింది. బుడ్డి తీసుకుని, పెదవికి తగలకుండా ఎత్తి పట్టి, గొంతులోకి పోసుకుంది. అరటిపండు తీసుకోమంటే ఆకలి లేదంది. బిస్కెట్లు వద్దంది. మా అమ్మ వైపు చూసి నమస్కారం పెట్టి లేచింది. లేచినామె ఖాళీ బుడ్డి కుర్చీ పక్కన పెట్టలేదు. చేతిలో పట్టుకుని గడప దాటి, వరండా దాటి, బయట గోడవారన నిలబెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. వీధి మలుపుదాకా వస్తానంటే వద్దంది.

అమ్మ ఆ బుడ్డి వైపు చూసి నొచ్చుకుంది. "అయ్యో, దొరసాని చేత బుడ్డి మోయిస్తివి గదరా" అని నన్నొక మాటంది. అంతలోనే తేరుకుని కళ్ళు వెడల్పు చేసింది. "చూసినవా, మూతి తాకకుండ ఎట్ల తాగిందో? పెద్దింట్ల పుట్టిన బిడ్డ. ఒక్క మాట అనకుంట పోయింది. మన మర్యాద మనం దక్కిచ్చుకున్నం" అంది. అరటిపండ్లు మేమే తిన్నాం.

తర్వాతి శనివారం నా వాక్యం చదివాక మేడం తలెత్తలేదు. "బావుంది. మీరు కూర్చోండి" అంది.

మీరు. క్లాసులో మిగతావాళ్ళంతా నువ్వు, నేనొక్కణ్ణే మీరు. పక్కవాళ్ళు దాన్ని గొప్ప అనుకున్నారు. నాకు మాత్రం చెంపదెబ్బకంటే ఎక్కువైంది. క్లాసయ్యాక వెంటబడితే పనుందని వెళ్ళిపోయింది. నా వాక్యాల కింద ఎర్రసిరా వ్యాఖ్యలు ఆగిపోయి ఉత్త టిక్కులు మిగిలాయి. ఏం తప్పు చేశామో అర్థం కాలేదు. మా ఇల్లు చూసి అసహ్యించుకుందేమో, ఇంత పేదవాళ్ళమని తెలిసి మనసు విరిగిందేమో అనుకుని కుమిలిపోయాను. కోపం కూడా వచ్చింది. పేదవాళ్ళమని తెలియకుండానే వచ్చిందా మరి? నేను ముందు బెంచీ వదిలేశాను. ఇంట్లో నాయన వర్క్‌షాపు మాట ఎత్తితే ఇదివరకటిలా ఎదురు చెప్పడం లేదు. "ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్త" అన్నాను ఒకరోజు. మా అమ్మ ఆ మాట విని వంట మధ్యలో ఆపి నావైపు చూసింది.

చదువు మానేద్దామని మనసులో ఖాయం చేసుకున్నాక డిక్షనరీ తిరిగిచ్చేయాలి కదా. ఒక సాయంత్రం దాన్ని పాత గుడ్డలో చుట్టుకుని తార్నాకలో మేడం వాటాకి వెళ్ళాను.

ఆమె తలుపు తీసి, "మీరా? రండి" అంది. వెళ్ళిపొమ్మనలేదు. బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఎంత కోపమున్నా ఇంటికొచ్చినవాడికి మంచినీళ్ళివ్వడం వాళ్ళ వైపు మర్యాద. స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చి బల్లమీద పెట్టింది. ఇంత పెద్ద డిక్షనరీ మోసుకొచ్చి అలసిపోయానేమో, గ్లాసెత్తి పట్టుకుని గటగటా తాగేశాను. పెదవికి తగలనివ్వలేదు. తాగాక, చిన్నప్పట్నుంచీ చేతులకి అలవాటైన పని అవే చేసుకుపోయాయి. గ్లాసు తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి, కడిగి, గోడమీద బోర్లించి వచ్చాను.

వచ్చేసరికి మేడం గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

"గ్లాసెందుకు కడిగావు?"

మీరు పోయి నువ్వు వచ్చింది. నేనది వెంటనే పట్టుకున్నాను.

"ఊర్ల గట్లనే మేడం. పెద్దోళ్ళింట్ల తాగితే మా గిలాస మేమే కడిగి బయట బోర్లిస్తం."

"మా గిలాస అంటే? మీవాళ్ళెవరు?"

"ఊరవతలోళ్ళం మేడం" అన్నాను. ఎవరికైనా ఆ మాట నోరు విప్పి చెప్పడం అదే మొదలు.

ఆమె వచ్చి కుర్చీలో కూలబడింది. "మరి ఆ సోడా?" అంది.

"మా అమ్మ తెప్పించింది. మీరు పెద్దింటోళ్ళు, మా చేతి నీళ్ళు తాగరని."

"నేనా? పెద్దింటిదాన్నా?"

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అప్పుడు చెప్పింది. వాళ్ళదీ ఊరి బయటి పల్లేనట. తండ్రి మిషన్ బళ్ళో పంతులు. ఊళ్ళో మోతుబరులకి ఉత్తరాలు చదివిపెట్టడానికో, లెక్కలు చూడటానికో ఆయన్ని పిలిపించేవాళ్ళు. మిగతావాళ్ళని అరుగు కింద నిలబెట్టినా, పంతులని ఆయన్ని అరుగెక్కనిచ్చేవాళ్ళు. మంచినీళ్ళు అడిగితే మాత్రం వాళ్ళ గ్లాసు మైలపడకుండా అంగడి నుంచి సోడా తెప్పించేవాళ్ళు.

"పంతులికి సోడా ఇచ్చి మర్యాద చేశామని ఊరంతా చెప్పుకునేవాళ్ళయ్యా. నాన్న తాగి, ఆ బుడ్డి తనే పట్టుకెళ్ళి అంగట్లో ఇచ్చేవాడు. వాళ్ళింట్లో పెట్టకూడదుగా. నేను వేలు పట్టుకుని వెంట ఉండేదాన్ని. సోడా బావుందా నాన్నా అంటే, గ్యాసెక్కువ తల్లీ అనేవాడు." డిక్షనరీని తనవైపు లాక్కుంది. "మీ ఇంట్లో ఎదురుగా కుండ పెట్టుకుని మీ అమ్మ సోడా అనగానే నాకు నాన్న మొహం కనిపించింది. ఇంత చదువు చదివి, ఇంత దూరం వచ్చినా నా సంగతి ఎలా తెలిసిపోయిందా అనుకున్నాను. ఆమె గడప దాటి లోపలికి రాకపోవడం నన్ను తాకకూడదనీ, దొరసాని అనడం ఎగతాళికనీ అనుకున్నాను."

నాకు సొరుగులో కప్పు గుర్తొచ్చింది. అది దొరల అలవాటు కాదు. తమ కప్పు మైలపడిందని ఎవరూ అనకముందే తన కప్పు తను తెచ్చుకోవడం.

"ఇంతకీ ఆ ఆదివారం మీ ఇంట్లో ఏం వండారు?" అంది.

"ఏం వండలే మేడం. పొయ్యే ముట్టియ్యలే. వాసన మీకు పడదని."

ఆమె డిక్షనరీ మీది గుడ్డ విప్పి, మడతపెట్టి, డిక్షనరీని మళ్ళీ నావైపు జరిపింది. "ఇది నీ దగ్గరే ఉండనీ" అంది. వర్క్‌షాపు మాట నేను చెప్పనేలేదు. ఇక చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది.

ఆ రోజు విన్నదంతా ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పాను. అమ్మ నమ్మలేదు. "నిన్ను మంచిగ చేసుకోను అట్లన్నది బిడ్డా. గంజి చీర గట్టేటామె మనోళ్ళెట్లయితది?" అని కొట్టిపారేసింది. నమ్మితే ఏమవుతుందో అని భయపడినట్టు కూడా నాకనిపించింది.

తర్వాతి ఆదివారం మేడం చెప్పకుండా వచ్చింది. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. తలకాయ కూర మీద మూత ఎగిరెగిరి పడుతోంది. గడపలో గొడుగు కనపడగానే అమ్మ గరిటె వదిలేసి, కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది. "అయ్యో దొరసాని! అరేయ్, సోడా తే పో" అని నా మీద అరిచింది.

"సోడా వద్దమ్మా" అంది మేడం. కుర్చీ లేదు, అడగలేదు. వచ్చి పొయ్యి పక్కన మా అమ్మ వదిలిన పీట పక్కనే నేలమీద కూర్చుంది. "మాదీ ఊరవతలేనమ్మా. మా నాన్నకి జీవితమంతా సోడాలే ఇచ్చారు. నాకు నీ కుండలో నీళ్ళు కావాలి."

మా అమ్మ ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఏం చూసిందో నాకు తెలియదు. మావాళ్ళు మావాళ్ళని గుర్తుపట్టే గుర్తులేవో ఉంటాయి, అవి చదువుకున్నవాళ్ళకి కనపడవు. చూసి చూసి ఒక్కసారిగా తిట్టడం మొదలుపెట్టింది.

"గా ముచ్చట మొదలే చెప్పొద్దా బిడ్డా! నోరు లేదా నీకు? ఆదివారం పూట పొయ్యి ముట్టియ్యక ఇంటోళ్ళకు గంజివోసిన! ఆయన అలిగి కల్లుకు పాయె! ఎండలవడి వచ్చిన పిల్లకు నీళ్ళియ్యక సోడా తాపిచ్చినా నేను? పాపం మూటగట్టుకుంటిని గదనే!"

దొరసాని పోయింది. మీరు పోయింది. బిడ్డా వచ్చింది, నువ్వు వచ్చింది, గదనే అనడంలో ఆ నే కూడా వచ్చింది. మా మేడం తల వంచుకుని ఆ తిట్లన్నీ తిన్నది. అంత ఇష్టంగా తిట్లు తిన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, కుండ మీది మూత తీసి, చెంబు ముంచి తెచ్చింది. మేడం రెండు చేతులతో అందుకుంది. అందుకుని అలవాటు కొద్దీ తల వెనక్కి వంచి, చెంబు పైకెత్తింది. మా అమ్మ ఆమె మణికట్టు పట్టుకుని చెయ్యి కిందికి దించింది.

"మూతి వెట్టి తాగు బిడ్డా. గిది మనిల్లే."

మేడం చెంబు అంచుకి పెదవి ఆనించింది. చిన్నపిల్లలా గుటకలు వినపడేట్టు తాగింది. మా అమ్మ ఆ చెంబు అందుకుని, అడుగున మిగిలిన నీళ్ళు తను తాగేసి, "ఇగ కూసో, బువ్వ తిందువు" అంది.